నోరు విప్పని బేరం

మా కొట్లోకి వచ్చిన మనిషి నోరు విప్పకుండా వెళ్ళిపోవడం నేను బుద్ధెరిగాక చూడలేదు. తిట్టి వెళ్ళినవాళ్ళున్నారు. "ఈ ధరకి పప్పు కాదు, తోటే కొనుక్కోవచ్చు" అని ఎకసెక్కమాడి వెళ్ళినవాళ్ళున్నారు. మెట్టు దిగి, చెప్పులు తొడుక్కుని, మేం వెనక్కి పిలుస్తామని ఒక చెవి మా వైపే ఉంచి నెమ్మదిగా నడిచినవాళ్ళకైతే లెక్కే లేదు. అలాంటిది రెండువేల పదిహేనులో ఓ ఆదివారం మధ్యాహ్నం మా బావ లాప్‌టాప్ మా వైపు తిప్పి, "ఈ నెల్లో మన సైటులోకి ఇంతమంది వొచ్చేరు మావయ్యా. ఒక్కలూ కొన్నేదు. ఒక్కలూ ఫోన్ సెయ్యనేదు" అన్నాడు. మా నాన్న చేతిలోని టీ గ్లాసు గల్లాపెట్టె మీద పెట్టేసి, ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయాడు. మా తాతల నాటి నుంచీ అంత జనం మా మెట్టెక్కి ఉండరు.

"వొచ్చేరా? అందరూ?"

"వొచ్చేరు."

"సరుకు సూసేరా?"

"సూసేరు."

"మరి ఎలిపోతంటే ఎవులూ ఎనక్కి పిలవనేదా?"

బావ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

మాది పలాసలో జీడిపప్పు కొట్టు. పాత రోడ్డు పక్కన, నాలుగు మెట్లెక్కితే గల్లాపెట్టె, దాని వెనక డబ్బాలు, డబ్బాల వెనక మేము. విశాఖపట్నం నుంచి ఒడిశా వైపు పోయే కార్లూ బస్సులూ ఒకప్పుడు మా ముందే ఆగేవి. పెళ్ళివారు దిగేవారు, యాత్రలకి పోయేవారు దిగేవారు, కాళ్ళు చాపుకోవడానికి దిగి కిలో పప్పుతో ఎక్కేవారు. పెద్ద రోడ్డు ఊరి బయట నుంచి వేశాక కార్లు అటే పోయాయి. మిగిలింది ఊళ్ళోవాళ్ళు. ఊళ్ళోవాళ్ళకి జీడిపప్పు అమ్మడమంటే చేపలు పట్టేవాళ్ళకి చేపలమ్మడమే. ప్రతివాడికీ జీడితోటలో ఓ బావమరిదో, పప్పు ఒలిచే కార్ఖానాలో ఓ చిన్నాన్నో ఉంటాడు.

ఆ ఏడు వానాకాలంలో సెల్‌ఫోన్లమ్మే ఒకాయన వచ్చి కొట్టు అద్దెకిమ్మన్నాడు. అద్దాల తలుపులు పెట్టుకుంటాడట. నాన్న ఆయనకి టీ ఇప్పించాడు. నాన్న టీ ఇప్పించాడంటే సగం ఒప్పుకున్నట్టే. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ నేను ఆ కొట్లోనే కూర్చున్నాను. నాకు మరో పని రాదు, మరో పని చెయ్యాలనీ లేదు. కొట్టుపోతే నేను ఇంట్లో కూర్చుని అమ్మతో కూరగాయల బండివాడి దగ్గర బేరాలాడుతూ బతకాలి. అందుకని నాన్నతో నాలుగు రోజులు పోట్లాడి గడువు తెచ్చుకున్నాను. "క్రిస్మస్ దాకా సూడు. నీ కంప్యూటర్లోంచి బేరాలొస్తే సరి. నేదంటే జనవరి ఒకటిన తాళాలు సెల్‌ఫోన్లోడికి" అన్నాడు.

శ్రీకాకుళంలో మా అక్క మొగుడికి ప్రింటింగు, జిరాక్సు సెంటరుంది. పెళ్ళికార్డులతో పాటు వెబ్‌సైట్లు కూడా చేస్తానని బోర్డు మీద రాయించుకున్నాడు. మాది ఆయన చేసిన మూడో సైటో నాలుగోదో. చుట్టరికం మీద చేశాడు కాబట్టి డబ్బులడగలేదు. చుట్టరికం మీద చేసింది కాబట్టి నేను ప్రతి రంగుకీ వంక పెట్టాను.

అయితే ధరలు పెట్టింది మాత్రం నేనే. అది నా తెలివి.

మా కొట్లో ప్రతి సరుకుకీ రెండు ధరలుంటాయి, చెప్పే ధర, ఇచ్చే ధర. ఈ రెండిటి మధ్యా మాటలుంటాయి. మనిషి మొహం చూసి చెప్పే ధర చెప్తాం. ఆయన కళ్ళు పెద్దవి చేస్తాడు. మేం డబ్బా మూత తీసి నాలుగు గుండ్లు చేతిలో పెడతాం. గుండంటే విరగని పప్పు. ఆయన నములుతూ సగానికడుగుతాడు. మేం గుండె మీద చెయ్యేసుకుంటాం. వాళ్ళ ఊరు, ఆ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళు, వాళ్ళమ్మాయి పెళ్ళి, మా మోకాలి నొప్పి, ఇవన్నీ అయ్యాక ఇద్దరం ఇచ్చే ధర దగ్గర కలుసుకుంటాం. ఆయన గెలిచానని వెళ్తాడు. మేమూ ఓడిపోలేదు. ఇలా పెరిగినదాన్ని కాబట్టి సైటులో చెప్పే ధర పెట్టాను. మామూలుగా చెప్పేదానికన్నా ఇంకాస్త పైకే పెట్టాను, ఎందుకంటే కంప్యూటరున్నవాళ్ళు డబ్బున్నవాళ్ళని నా లెక్క. కింద చిన్న అక్షరాల్లో "ధర సంగతి మాట్లాడుకుందాం, ఫోన్ చెయ్యండి" అని రాయించి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగినప్పుడల్లా గొంతు సవరించుకుని "నమస్కారమండీ" అనేదాన్ని. అవతల నుంచి అమ్మ, వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మని.

ఆ ఆదివారం బావ మరో వింత చూపించాడు. సైటులోకి వచ్చినవాళ్ళు తెర మీద బాణం గుర్తు ఎక్కడెక్కడ తిప్పారో, ఎక్కడ ఆపారో, అదంతా రికార్డయి ఉంటుందట. మళ్ళీ సినిమాలా ఆడించి చూడొచ్చట. వాళ్ళు ఎవరో మనకి తెలియదు, బాణం మాత్రం కనిపిస్తుంది.

"అంటే గోడకి కన్నమెట్టి సూడ్డమేనా?" అని నాన్న అడిగాడు. అడిగి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

మొదటి బాణం వచ్చింది. గుండు పప్పు బొమ్మ మీదికి పోయింది, ధర మీదికి దిగింది, అక్కడ ఆగింది. నాన్న ముందుకి వంగాడు. బాణం బద్ద పప్పు మీదికి పోయింది. బద్దంటే రెండుగా విడిపోయినది, చవక. దాని ధర దగ్గరా ఆగింది. మళ్ళీ గుండు దగ్గరికొచ్చింది.

"ఆడికి గుండే గావాల. సూడు, మల్లీ అక్కడికే వొచ్చేడు" అన్నాడు నాన్న.

బాణం ధర చుట్టూ ఒకసారి తిరిగింది.

"అడుగు బాబూ, అడుగు! తగ్గిస్తాను. అడుగు!"

"మావయ్యా, ఆడికి ఇనపడదు. ఇది మొన్న మంగళవారంది."

"ఆడు కొసరు కోసం సూస్తన్నాడేమో. ఒసే, రెండు గింజలు పెట్టవే!"

బాణం పైకి వెళ్ళింది, తెర మూలకి పోయి మాయమైపోయింది. ముగ్గురం ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాం.

"ఏటైంది?"

"ఎలిపోయేడు."

"అలగెలా ఎలిపోతాడు? పక్క కొట్లో ధర కనుక్కోడానికి ఎల్లుంటాడు. వస్తాడు. నువ్వుండు."

బావ ఇంకోటి పెట్టాడు, ఆ తర్వాత ఇంకోటి. అందరూ ఒకలాగే వచ్చారు, ధర చూశారు, వెళ్ళిపోయారు. ఒక్క బాణం కూడా మెట్టు దిగి వెనక్కి తిరిగి చూడలేదు. నా చిన్న అక్షరాల "మాట్లాడుకుందాం" మీదికి ఒక్కరు రాలేదు. ఒకాయన మాత్రం దానికి కాస్త పైన ఆగాడు. అప్పుడు నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను కూడా. ఆయన వెళ్ళింది మా ఫోటో చూడ్డానికి. ఆ ఫోటో మాది కాదు. బావ ఎక్కడ్నుంచో దించాడు, తెల్లటి పింగాణీ గిన్నెలో పప్పులు, పక్కన పుదీనా ఆకు. జీడిపప్పుకీ పుదీనాకీ ఏమిటి సంబంధమో నాకిప్పటికీ తెలియదు.

"మరదలా, ఇనుకో. కంప్యూటర్లో బేరమాడ్డానికి ఎవులూ రారు. నీ సివరి ధర ఏటో అదే ఎయ్యి" అన్నాడు బావ.

"సివరి ధర ముందే సెప్పీస్తే మరింకేటి మాటాడతాం బావా?"

"ఏటీ మాటాడొద్దు."

నాన్న ఆ మాటకి చెవుల మీద చేతులు వేసుకోలేదు కానీ వేసుకున్నంత పని చేశాడు. "ఇదుగో బాబూ, మీరు సదువుకున్నోరు. ముక్కూ మొకం తెలీనోడికి, ఆడు అడక్కముందే, నా సివరి మాట సెప్పీమంటన్నారు. రేపు పొద్దున్న నడిరోడ్డు మీద నిలబడి నా గల్లాపెట్టిలో ఎంతున్నాదో అరవమంటారు."

"మావయ్యా, అలగైతే సెల్‌ఫోన్లోడికి ఇచ్చీండి. ఆడు ధర అద్దం మీదే అంటిస్తాడు."

నేనూ నాన్న వైపే. బావని కడిగేశాను. బేరం తెలియనివాడికి మా అక్కనెందుకిచ్చామో అని కూడా అన్నాను. బావ నవ్వుతూ వింటున్నాడు. విని, మా ఇంటి వైపు చెయ్యి చూపించి అడిగాడు.

"మీ వంటింట్లో ఆ మిక్సీ ఎక్కడిది?"

"ఫోన్లో తెప్పించేను. రెండు నెల్లయింది."

"ఎంత సెప్పేడు?"

చెప్పాను.

"ఎంతకిచ్చేడు?"

ఎంత చెప్పాడో అంతకే ఇచ్చాడు. ఇచ్చాడు కాదు, నేనే ఇచ్చాను. కొత్తిమీర కట్ట దగ్గర పావుగంట నిలబడే మనిషిని. ఆటో ఎక్కబోయి, దిగి, మళ్ళీ ఎక్కే మనిషిని. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళతో టిఫిన్ల మీద కూడా బేరమాడతానని మా అక్క చెప్పుకు నవ్వే మనిషిని. అలాంటి నేను తెర మీద కనిపించిన అంకెకి నోరెత్తకుండా డబ్బు కట్టేశాను. ఇంకా ఘోరం, అందులో నాకేమీ తేడా అనిపించలేదు. ఆ రెండు నెలలూ ఆ మిక్సీలో పచ్చడి రుబ్బుకుని తిన్నాను.

"ఓలమ్మా, మోసపోయేనేటి?" అన్నాను.

"మోసం కాదే. అది అలగే ఉంటాది" అన్నాడు బావ, జాలిగా. ఆ జాలి నాకు అన్నిటికన్నా ఎక్కువ మండింది.

ఆ రాత్రి భోజనాలకి ఇంటికి చేరాం. అమ్మ మిక్సీ వైపు చూసినప్పుడల్లా నేను తల తిప్పుకున్నాను. ఆఖరికి నాన్నే అన్నాడు: "ఎయ్యండి. సివరి ధరే ఎయ్యండి. నా ముందర మాత్రం సదవొద్దు."

వేశాం. పుదీనా గిన్నె తీసేసి, మా కొట్టు బోర్డు కనిపించేలా, మా తక్కెడ కాటా మీద మా పప్పుతో నా ఫోనుతోనే ఫోటోలు తీశాం. ఇంకో సంగతి కూడా ఆ బాణాల వల్లే తెలిసింది. కొందరు చివరి దాకా వచ్చి, పేరూ అడ్రసూ కొట్టి, డబ్బు కట్టే చోట కొరియర్ ఖర్చు వేరే అని కనిపించగానే పారిపోతున్నారు. ఇది చూశాక నాకు బావ మీద కోపం వచ్చింది, ఎందుకంటే ఇది మా తాత నాకు ఐదో తరగతిలోనే నేర్పిన పాఠం. పప్పు కట్టి చేతికిచ్చాక సంచీకి వేరే అనకూడదు. అంటే కిలో కొన్నవాడు కూడా సంచీతో పాటు పప్పూ వదిలేసి పోతాడు. కొరియర్ ధరలోనే కలిపేయించాను. ఫోన్ నంబరు పైకి తెచ్చి, "మాట్లాడుకుందాం" తీసేసి, "సందేహం ఉంటే అడగండి" అని వేయించాను. ఆ వాక్యం తీసేస్తుంటే నా చెయ్యి నరికినట్టే అనిపించింది.

దసరా దగ్గర పడుతుండగా హైదరాబాదు నుంచి రెండు కిలోల గుండుకి ఆర్డరొచ్చింది. నేను కేక పెట్టాను. నాన్న డబ్బాల వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు, ఏదో పాము కనిపించిందనుకుని.

"డబ్బు కట్టీసేడు నాన్నా!"

"ఎవులు?"

"తెలవదు. హైదరాబాదు."

"మనకి తెలిసినోడా?"

"కాదు."

"సరుకు రుచి సూసేడా?"

"ఎలా సూస్తాడు?"

నాన్న గల్లాపెట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "మన మొకం సూడనేదు. సరుకు సూడనేదు. ఒక్క మాటాడనేదు. ముందుగా డబ్బులేసీసేడు. ఆడికేటి, మతి తిన్నగా ఉన్నాదా?" అన్నాడు. అని, "పాపం, ఆడికి మంచి గుండ్లెయ్యి. ఒక్క బద్ద కూడా పోకూడదు" అని తనే డబ్బాలోంచి ఏరడం మొదలుపెట్టాడు.

తర్వాత బెంగుళూరు, విజయనగరం, మళ్ళీ హైదరాబాదు. దీపావళికి ఆఫీసులవాళ్ళు పంచిపెట్టే డబ్బాలడిగారు. రోజూ కాదు, కానీ వస్తున్నాయి. అలా వస్తుండగా కొరియర్ ఆఫీసాయన ఓ రోజు ఫోన్ చేసి ప్రతి పార్సిలూ బరువెక్కువొస్తోందని, పైబరువు ఛార్జీ పడుతోందని చెప్పాడు. నేను కాటా మీద ఎంతో జాగ్రత్తగా తూచి పక్కన పెడుతున్నాను. ఎలా పెరుగుతోందో అర్థం కాలేదు. మర్నాడు నేను టేపు కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి నాన్న ఓ పార్సిల్లో గుప్పెడు పప్పు కుక్కుతూ దొరికాడు.

"ఏటి నాన్నా అది?"

"కొసరు."

"కొసరేటి? ఎవులడిగేరు?"

"అడగనోడికే ఎయ్యాల. అడిగినోడికి మనమెలాగూ ఎయ్యం కదా."

దీని మీద మాకు రెండు రోజులు పోట్లాట. చివరికి తూచేటప్పుడే కాస్త తగ్గించి, దాని మీద ఆయన గుప్పెడు వేసేలా ఒప్పందమైంది. కొన్నవాడికి బరువు సరిపోయింది, కొరియర్‌కి బరువు దాటలేదు, నాన్నకి కొసరేసిన తృప్తి. ఈ ఒప్పందానికి ఎంత మాట్లాడుకున్నామో చూస్తే సైటు వల్ల మా ఇంట్లో మాటలు తగ్గలేదనే చెప్పాలి.

అప్పటికి నేను మేడ మీద కూర్చున్నట్టే ఉన్నాను. సెల్‌ఫోన్లాయన కనిపిస్తే పలకరించడం కూడా మానేశాను.

నవంబరు చివర్లో మాష్టారొచ్చారు.

బాప్టిస్టు చర్చి వీధిలో ఉండే రిటైర్డ్ మాష్టారు. ప్రతి ఏడూ క్రిస్మస్ కేకులకీ, చుట్టాలకి పంపడానికీ మా దగ్గరే పప్పు కొంటారు. నాన్నకీ ఆయనకీ బేరమంటే ఊళ్ళో అదో కచేరీ. పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి నిలబడతారు. ఒకసారి ఆయన మెట్లు దిగి వీధి చివరిదాకా వెళ్ళారు, నాన్న పిలవలేదు, ఆయన తిరగలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నిన్నటి మాట దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టారు.

ఈసారి ఆయన మెట్లెక్కి, కూర్చోకుండా, చేతిలోని ఫోను నాన్న ముందు పెట్టారు. వాళ్ళబ్బాయో ఎవరో చూపించినట్టున్నారు. తెర మీద మా సైటు, మా కాటా ఫోటో, మా ధర.

"ఏటి షావుకారూ ఇది?"

"మన కొట్టే మాష్టారూ! సూసేరా? మా అమ్మాయీ అల్లుడూ..."

"ఈ ధరేటి?"

నాన్న చూశాడు. నేనూ చూశాను. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. అది సరిగ్గా మాష్టారికి నాన్న ఇచ్చే ధర. ప్రతి ఏడూ గంటన్నర కచేరీ చేసి, వీధి చివరిదాకా నడిచి, ఆయన గెలుచుకునే ధర.

"ఇది ఎవులికి?" అన్నారాయన.

"అందరికీనండి" అన్నాను నేను, ఇంకా బుర్ర పనిచెయ్యక. గొప్పగా కూడా అన్నాను. "ఎక్కడున్నోరికైనా అదే ధర, కొరియర్‌తో కలిపి."

మాష్టారు నా వైపు చూడలేదు. "నాకు మాత్రమే ఇస్తన్నానన్నావు షావుకారూ. పైకి సెప్పొద్దన్నావు. మా ఆవిడిక్కూడా సెప్పలేదు నాను."

నాన్న ఫోను బోర్లించి మాష్టారి వైపు తోశాడు.

"నాను డబ్బు గురించి అంటన్లేదు. ఊరూ పేరూ లేనోడు ఏలితో నొక్కితే ఇచ్చీసే దానికి, నానింతకాలం నీ కాడ నిలబడి ఏటి మాటాడినట్టు? మరి నా మొకానికేటి విలువ?"

"కూకోండి మాష్టారూ. ఇంకా తగ్గిస్తాను. అయినా మనకి దానితో ఏటి?"

"ఒద్దు. ఇంక నువ్వు తగ్గించినా అది బేరం కాదు."

మెట్లు దిగారు. నాన్న గబగబా మెట్ల దాకా వెళ్ళి పిలిచాడు, "మాష్టారూ! మాష్టారూ!" అని. అంత తొందరగా ఆయన ఎవరినీ పిలవడం నేనెరగను. మాష్టారు వెనక్కి తిరగలేదు. నడక కూడా నెమ్మది చెయ్యలేదు. బజారులో మాకు తెలిసిన లెక్కలేవీ ఆ నడకకి సరిపోలేదు.

ఆ డిసెంబరంతా మరో విడ్డూరం. ఊళ్ళోవాళ్ళు ఫోను తీసి ధర చూపించడం, అక్కడ్నుంచి ఇంకా కిందికి అడగడం. ఒకావిడ కొరియర్ ఖర్చు తీసెయ్యమంది, తను నడిచొచ్చింది కాబట్టి. న్యాయమే. బావకి ఫోన్ చేసి తిట్టాను.

"మరదలా, వొచ్చినోళ్ళని కొనేటట్టు సెయ్యమన్నావు, సేసేను. కొట్టుకొచ్చి కొనేవోళ్ళు రాకుండా పోతే అది నా సైటు తప్పా?"

"ఎవుల తప్పో సెప్పమన్లేదు, ఏటి సెయ్యాలో సెప్పు."

"ఏమో. నాకు పెళ్ళికార్డులున్నాయి" అని పెట్టేశాడు.

నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు కానీ ధర చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే "అమ్మాయినడగండి" అనేవాడు. క్రిస్మస్ దగ్గర పడుతోంది. సెల్‌ఫోన్లాయన ఓసారి వచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళాడు. నాన్న వద్దనలేదు. కంప్యూటర్లోంచి బేరాలొస్తున్నాయి, గడువు లెక్కన నేను గెలిచాను. అయినా ఈయన తాళాలు ఇచ్చేసేలాగే ఉన్నాడు. గెలిచినవాళ్ళకి సరుకు చేతికి రాకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

క్రిస్మస్‌కి వారం ఉందనగా పొద్దున్నే ఆర్డరొచ్చింది, నాలుగు కిలోల గుండు. డబ్బు ముందే కట్టేశారు. పార్సిలు మీద అంటించడానికి అడ్రసు చూశాను. పలాస, చర్చి వీధి. పేరు చూసి మళ్ళీ చూశాను. మా కొట్టు మెట్ల మీద నిలబడితే ఆ వీధి మలుపు కనిపిస్తుంది.

"నాన్నా! మాష్టారు సైటులో కొన్నారు."

నాన్న నెమ్మదిగా లేచొచ్చి తెర ముందు నిలబడ్డాడు. మాష్టారు ఏ బాణం తిప్పి ఏ ధర దగ్గర ఆగారో నేను చూపించలేదు. చూపించొచ్చు, కానీ అంత పని చెయ్యలేకపోయాను.

"పక్క ఈదిలో ఉండి... మనతో మాటాడ్డం ఇష్టం నేక..." అన్నాడు. నేను టేపు వేస్తుంటే, "కొరియర్‌కి ఇవ్వకు. బండి తియ్యి" అన్నాడు.

నా స్కూటీ వెనక నాన్న, ఒళ్ళో పార్సిలు. వెళ్ళి తలుపు కొట్టాం. మాష్టారే తీశారు. మమ్మల్ని చూసి ఆయన మొహంలో రంగు మారింది, ఏదో దొంగతనం చేస్తూ దొరికినవాడిలా.

"కొరియరోడు కదా రావాల?"

"నానే కొరియరోడిని" అన్నాడు నాన్న.

ఇద్దరూ గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. లోపల గోడకి కాగితపు నక్షత్రం వేలాడుతోంది. నేను పార్సిలు ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను.

"మాటాడ్డానికి మొకం సెల్లక దాన్లో నొక్కీసేను షావుకారూ. పప్పు మాత్రం నీదే కదా కావాల. కేకులో మరోడిది ఎయ్యనేను" అన్నారు మాష్టారు.

నాన్న ఏమైనా మంచి మాట చెప్తాడని నేను ఎదురు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే సంతకమెట్టి తీసుకోండి."

"ఉండు. ధరలో కొరియర్ కలిసున్నాదని మీ అమ్మాయే అన్నాది."

"అన్నాది."

"కొరియర్ ఎక్కడ? నువ్వు బండెక్కొచ్చేవు. ఆ డబ్బులు ఎనక్కియ్యి."

నాన్న గుండె మీద చెయ్యేసుకున్నాడు. మూడు వారాల తర్వాత ఆ చెయ్యి అక్కడికి పోవడం చూశాను. "ఏటి మాష్టారూ, మా స్కూటీ మంచినీళ్ళతో నడుస్తాదా? ఈ వయసులో పార్సిలు ఒళ్ళో ఎట్టుకుని, మా గుంట, ఈ పిల్ల, గోతుల్లో తోలతంటే నడుం ఇరిగిపోనాది. కొరియరోడికన్నా ఎక్కువే ఇవ్వాల మీరు."

"రెండు వందల గజాలకి నడుం ఇరిగిందా? అబద్ధాలకీ ఓ అంతుండాల. సగం ఇయ్యి."

"సగమా! దాని కన్నా నా సెవులు కోసుకోండి."

"నీ సెవులు నాకెందుకు? కేకులో ఎయ్యడానికా?"

మాష్టారింటి అమ్మగారు లోపల్నుంచి కాఫీ తెచ్చారు. తెచ్చి, వీళ్ళని చూసి, గ్లాసులు అరుగు మీద పెట్టి, నాకో కుర్చీ చూపించారు. నాకు కూర్చోవాలనిపించలేదు. నాన్న తగ్గుతున్నాడు. కొరియర్ ఖర్చంతా ఇచ్చేశాడు, అయినా ఆగలేదు. కిలో మీద ఇంకా దిగాడు. సైటు ధర దాటి, ఇచ్చే ధర దాటి, నేను కలలో కూడా ఎవరికీ చెప్పని చోటికి దిగుతున్నాడు. దానికి తగ్గట్టు గట్టిగా అరుస్తున్నాడు, చంపేస్తున్నారని, కొట్టు మూయించేస్తున్నారని. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. నేను వెనక నుంచి చొక్కా లాగాను. చెయ్యి విదిలించుకున్నాడు.

మాష్టారు చివరికి నాన్న చెప్పిన అంకె విని ఆగిపోయారు. ఆయనకి లెక్క తెలుసు. అది ఎంత కిందో ఆయనకీ అర్థమైంది.

"ఇది ఎవులికి సెప్పమంటావు?" అని అడిగారు, గొంతు తగ్గించి.

"ఎవులికీ సెప్పొద్దు. మా గుంటక్కూడా" అన్నాడు నాన్న. నేను పక్కనే ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను దారంతా లెక్క వేసుకుంటూనే బండి తోలాను. ఎలా వేసినా నష్టమే. కొట్టు దగ్గర బండి ఆపి, ఇప్పుడు మాట్లాడక తప్పదనుకున్నాను. నేను ముందే సిద్ధపడి ఉన్నాను. కొట్టు నాకు ఐదేళ్ళిమ్మని అడగాలి. ఆయన ఏడాదంటాడు. నేను ఏడుస్తాను. మూడు దగ్గర కలుస్తాం. నిజానికి నాకు రెండేళ్ళయినా చాలు, కానీ అది నా గుండెలో ఉండాల్సిన మాట.

"నాన్నా, కొట్టు సంగతి..." అన్నాను.

"సెల్‌ఫోన్లోడికి నేదని సెప్పీ" అన్నాడాయన మెట్లెక్కుతూ. మొలలోంచి తాళాల గుత్తి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "ఆ కనపడనోళ్ళతో బేరం నావల్ల కాదు. అది నువ్వే సూసుకో. మెట్లెక్కొచ్చినోళ్ళని మాత్రం నాకొగ్గీ. ఆళ్ళకి నానేటి సెప్తానో ఏటిస్తానో నువ్వు మాటాడకూడదు."

"ఎన్నేళ్ళకి?"

"ఎన్నేళ్ళేటి?"

"కొట్టు నాకు."

"నీకు కావాల్సినన్నాళ్ళుంచుకో."

ఐదు, మూడు, రెండు, ఏడుపు, ఏదీ ఎక్కడా వాడలేదు. కాళ్ళ కింద మెట్టు లేనట్టయింది. నా నోరు మాత్రం అలవాటు కొద్దీ తెరుచుకుంది.

"సివరి మాట సెప్పు నాన్నా."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "అదేనే సివరి మాట" అన్నాడు. అని, చెప్పులు పక్కకి తోసి, డబ్బాల వెనక ఉన్న అమ్మని పిలిచి, మాష్టారింట్లో కాఫీలో పంచదార మరీ ఎక్కువేశారని చెప్పడం మొదలుపెట్టాడు.